నడుము స్కాన్ నార్మల్ అయితే కాలి ఎముకలూ గట్టిగా ఉన్నట్టేనా?

తమ్ముడికి వెన్నుపాము దెబ్బతిని మూడేళ్లయిందని, నడుము డెక్సా (ఎముకల సాంద్రత కొలిచే స్కాన్) నార్మల్ వచ్చినా కాలు విరగొచ్చని డాక్టర్ అంటున్నారని రాశారు. డాక్టర్ చెప్పిందే నిజమండీ. వీల్‌చైర్‌లో కూర్చున్నా వెన్ను మీద బరువు పడుతూనే ఉంటుంది, అందుకే అక్కడి ఎముక అంతగా తరగదు. పైగా ఆపరేషన్‌లో వేసిన రాడ్లు, స్క్రూలు స్కాన్‌లో వచ్చే అంకెను పెంచి చూపిస్తాయి. అసలు నష్టం మోకాలి దగ్గర: తొడ ఎముక కింది కొసలో, మోకాలి కింద ఎముక పై కొసలో. కండరాల లాగుడు, నిలబడే బరువు రెండూ ఆగిపోయాక, లోపల స్పాంజిలా ఉండే ఎముక మొదటి ఒకటి రెండేళ్లలోనే వేగంగా తరిగిపోతుంది. తుంటితో పాటు ఈ రెండు చోట్లా డెక్సా తీయించండి. మోకాలికి అన్ని సెంటర్లలోనూ తీయరు, ముందే కనుక్కోండి.

విరిగేది ఎక్కువగా పడినప్పుడే అనుకుంటారు గానీ, మంచం మీదికి మార్చేటప్పుడూ విరుగుతుంది. పాదం ఫుట్‌రెస్ట్‌లో ఇరుక్కునే ఉంటుంది, ఒళ్లు మాత్రం తిరుగుతుంది. ఆ మెలి అంతా మోకాలి పైన పడుతుంది. ముందు ఫుట్‌రెస్ట్ తీసేసి, పాదాలు తిరిగే వైపుకి పెట్టి, అప్పుడు లేపండి. ప్యాంటు తొడిగేటప్పుడు మడమ పట్టి మెలితిప్పకండి, మోకాలి కింద ఒక చెయ్యి ఆసరా ఉండాలి. కాలు చాపే వ్యాయామంలో స్పాజమ్ (కండరం దానంతటదే బిగుసుకోవడం) వస్తే బలవంతంగా నొక్కొద్దు, అది వదిలేదాకా ఆగండి.

మూడేళ్ల తర్వాత స్టాండింగ్ ఫ్రేమ్‌లో నిలబెడితే పోయిన ఎముక తిరిగొస్తుందని ఆశ పెట్టుకోవద్దు. కీళ్లు బిగుసుకోకుండా ఉండటానికి పనికొస్తుంది, అదీ స్కాన్ చూశాకే మొదలుపెట్టాలి. కరెంటుతో కండరాలను కదిలించే ఎఫ్‌ఈఎస్ సైకిల్ వల్ల కొంత లాభం ఉంది, మానేస్తే అదీ పోతుంది. ఎముక తరుగుదల తగ్గించే జొలెడ్రోనిక్ యాసిడ్ మందు, దెబ్బ తగిలిన కొత్తలో ఇస్తే తుంటి ఎముకను బాగానే కాపాడుతుంది, మోకాలి దగ్గర అంత నమ్మకంగా పనిచేయదు. ఇప్పుడు ఇవ్వాలనుకుంటే ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), కాల్షియం, విటమిన్ డి చూడాలి. డి తక్కువుండగా ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోతుంది. కిడ్నీలో రాళ్ల భయంతో పాలు, పెరుగు సొంతంగా మాన్పించకండి.

స్పర్శ లేకపోతే విరిగినా నొప్పి తెలియదు. మోకాలి చుట్టూ వాపు, వేడి, ఎరుపు, ఉన్నట్టుండి పెరిగిన స్పాజమ్స్... ఇవే గుర్తులు. వెన్నుపాము గాయం టి6 (ఛాతీ భాగంలో ఆరో స్థాయి) దగ్గర లేదా అంతకన్నా పైన ఉన్నవాళ్లకు తలనొప్పి, చెమటలతో బీపీ పెరగొచ్చు, అది ఎమర్జెన్సీ. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా వాపు ఇలాగే ఉంటుంది కాబట్టి మర్దనా చేయొద్దు, ఎక్స్‌రే, డాప్లర్ (సిరల్లో రక్తప్రవాహం చూసే స్కాన్) రెండూ అడగండి. విరిగిందని తేలితే, గట్టి పిండికట్టు వద్దని చెప్పండి: స్పర్శ లేని చర్మం దాని కింద పుండు పడినా తెలియదు. మెత్తటి ప్యాడింగ్‌తో విప్పగలిగే స్ప్లింట్ వేయించుకుని, దాన్ని రోజూ విప్పి మడమ, చీలమండ చూడండి.