చలనం పాఠం చెప్పబోతున్న మనవరాలికి

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెప్పబోతున్నావనీ, మొదటి పాఠం చలనమేననీ మీ అమ్మ ఫోనులో చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ వెనకే బెంగ కూడా పట్టుకుంది. త్వరణం, అంటే వేగం మారే రేటు, దగ్గరకు రాగానే సూత్రం బోర్డు మీద రాసి, నాలుగు లెక్కలు చేయించి ముందుకు వెళ్లిపోవడం చాలామందికి అలవాటు. పిల్లలకు మార్కులు వచ్చేస్తాయి కాబట్టి, వాళ్లకు విషయం బోధపడలేదన్న సంగతి బయటపడనే పడదు.

స్థానభ్రంశం, దూరం, దిశతో పనిలేని వడి, దిశతో కూడిన వేగం అన్నవాటి తేడాలు నీకు తెలిసినవే, చెప్పేసేయి. సూత్రాలు చివర్లో రాయించు. త్వరణానికి ప్రమాణం చెప్పేటప్పుడు మాత్రం ‘సెకను స్క్వేర్’ అని నోటితో అనవద్దు. ‘వేగం ప్రతి సెకనులోనూ, సెకనుకు ఇన్ని మీటర్ల చొప్పున మారుతోంది’ అని పూర్తిగా పలుకు. పిల్లల చేత కూడా అలాగే పలికించు.

నేను అసలు రాయదలచుకున్నది ఒక పాత పొరపాటు గురించి. పైనుంచి పడే వస్తువు పోనుపోను వేగం పుంజుకుంటుందని అందరికీ తెలుసు. దేనిని బట్టి పుంజుకుంటుంది? పడిన దూరాన్ని బట్టి అని పిల్లలు అంటారు. గెలీలియో కూడా మొదట అలాగే అనుకున్నాడు. పడే వస్తువు సమానమైన కాలవ్యవధుల్లో దాటే దూరాలు 1, 3, 5, 7 అన్న బేసిసంఖ్యల వరుసలో ఉంటాయని అప్పటికే కనిపెట్టిన ఆ మనిషి, 1604లో తన మిత్రుడు పావొలో సార్పికి రాసిన ఉత్తరంలో, దానికి కారణంగా వేగం దూరానికి అనులోమానుపాతంలో పెరుగుతుందన్న తప్పుడు సూత్రాన్ని చూపించాడు. వేగం పెరిగేది కాలంతో అని ఆ తరవాత గ్రహించి, 1638లో అచ్చయిన తన చివరి గ్రంథంలో ఆ మాట స్థిరపరచడమే కాక, తానూ కొంతకాలం ఆ పొరపాటులోనే ఉన్నానన్న సంగతిని అందులోని పాత్రల సంభాషణలో దాచకుండా చెప్పించాడు. అంతటివాడు తడబడినచోట పదమూడేళ్ల పిల్లవాడు తడబడితే నీవు విసుక్కోకూడదు.

దూరాన్ని బట్టి ఎందుకు కాకూడదో తరగతిలోనే తేల్చవచ్చు. బయలుదేరే క్షణంలో వస్తువు దాటిన దూరం సున్న. వేగం దూరాన్ని బట్టే వచ్చేదైతే వేగమూ సున్నే. వేగం లేనిదే దూరం పెరగదు, దూరం పెరగనిదే వేగం రాదు. ఆ వస్తువు ఎన్నటికీ కదలదు. కాలం అలా కాదు, ఏదీ కదలకపోయినా గడిచిపోతూనే ఉంటుంది. తరవాత లెక్కతో సరిచూపించు: నిశ్చలస్థితి నుంచి 19.6 మీటర్లు పడిన రాయి వేగం సెకనుకు 19.6 మీటర్లు, సగం దూరంలో, అంటే 9.8 మీటర్ల దగ్గర, దాని వేగం అందులో సగం కాదు, దాదాపు 13.9. సగం వేగం ఉండేది సగం కాలం దగ్గర, అంటే ఒక సెకను గడిచినప్పుడు. అప్పటికి అది పడినది 4.9 మీటర్లే.

ఇక నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది పైకి విసిరిన బంతి. సెకనుకు 19.6 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా విసిరామనుకో. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, ఒక సెకను గడిచేసరికి వేగం 9.8, రెండు సెకన్లకు సున్న, మూడు సెకన్లకు కిందివైపుకు 9.8, నాలుగు సెకన్లకు చేతిలో పడేటప్పుడు కిందివైపుకు 19.6. శిఖరం దగ్గర త్వరణం ఎంత అని అడిగితే తరగతిలో ముప్పాతిక మంది సున్న అంటారు, వేగం సున్న కదా అని. నా తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడొకడు ఒకసారి లేచి, ‘వేగమూ లేక, అది మారడమూ లేకపోతే బంతి అక్కడే ఉండిపోవాలి కదండీ’ అన్నాడు. నేను గంటసేపు చెప్పినా అంత బాగా చెప్పలేకపోయేవాణ్ణి. ఆ రోజు ఇక పాఠం చెప్పబుద్ధి కాలేదు. ఆ బంతి వేగం ప్రతి సెకనులోనూ కిందివైపుకు 9.8 చొప్పున మారుతూనే ఉంది, పైకి పోయేటప్పుడూ, శిఖరం దగ్గరా, దిగేటప్పుడూ.

అదే బంతి మరో అపోహను కూడా వదిలిస్తుంది. త్వరణానికి ఋణ గుర్తు ఉంటే వస్తువు నెమ్మదిస్తున్నట్లేనని కొన్ని గైడ్లలో రాసి చంపుతుంటారు. పైదిశను ధనాత్మకం అనుకుంటే, దిగే బంతికి త్వరణం మైనస్ 9.8, అయినా వడి పెరుగుతోంది. వేగమూ త్వరణమూ ఎదురెదురు దిశల్లో ఉన్నప్పుడే వడి తగ్గుతుంది. ఈ ఒక్క మాట నోటుబుక్కులో కాక గ్రాఫు మీద చూపించు: వేగం–కాలం గ్రాఫులో ఆ బంతి గీత సున్నను దాటుతుందే గాని దాని వాలు ఎక్కడా మారదు.

వాలు గీయడానికి వాళ్ల చేతికే స్కేలు ఇవ్వు. నీవు గీసేస్తే వాళ్లు చూసి ఊరుకుంటారు. చిన్నప్పుడు నీ బొమ్మలు నేను గీసిపెట్టబోతే స్కేలు లాక్కునేదానివి, ఆ పంతం వాళ్లకూ ఉండనీ.

దిశ మారినా త్వరణమేనన్నది వెంటనే ఎత్తుకోకు, రెండో వారం దాకా ఆగు. అప్పుడు చంద్రుణ్ణి తీసుకో: సెకనుకు దాదాపు ఒక కిలోమీటరు చొప్పున ఇంచుమించు ఒకే వడితో తిరుగుతున్నా, దాని త్వరణం భూమివైపుకు ప్రతి సెకనులోనూ సెకనుకు సుమారు 0.0027 మీటర్లు. నిలకడగా, తిన్నగా, గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి మాత్రం త్వరణం సున్న. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, నీవేమీ చెప్పకుండా కాసేపు వాళ్లనే వాదించుకోనివ్వు.

పరీక్ష పేపరు తయారుచేసేటప్పుడు తొలి వేగం, తుది వేగం, కాలం ఇచ్చి త్వరణం కనుక్కోమనే ప్రశ్న ఒక్కటి చాలు. మిగతావన్నీ గ్రాఫులు ఇచ్చి, ఏ క్షణంలో ఏం జరుగుతోందో సొంత మాటల్లో రాయమను. దిద్దడం కష్టమే, తెలుసు. గొంతు జాగ్రత్త.

ఆశీస్సులతో,
తాతయ్య