ఊరికి ఉత్తరం రాయనిదే పీహెచ్‌డీ ఇవ్వకూడదు

ప్రశ్న: విశ్వవిద్యాలయాల్లో జరిగే పరిశోధన పర్యావరణానికి హాని చేయకుండా, సమాజానికి దగ్గరగా ఉండాలంటే ఏం చేయాలి?

నేను ప్రొఫెసర్ని కాదు, పరిశోధకుణ్ణి అంతకన్నా కాదు. తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో అటెండరుగా చేరి, ల్యాబ్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. పింఛను అక్కడి నుంచే వస్తుంది. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా మేధావులు సౌరఫలకాలు, మొక్కలు నాటడం, కాగితం పొదుపు అంటారు. వాళ్లెవరూ ప్రయోగశాల సింకు కడిగినవాళ్లు కాదని నాకు గట్టి అనుమానం.

డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రాన్నే తీసుకోండి. ఆవిరిని చల్లబరచడానికి కుళాయి నీళ్లు ధారగా పారుతూనే ఉండాలి. ఒక లీటరు శుద్ధమైన నీటికి పది లీటర్లకు తక్కువ కాకుండా సింకులోకి పోతాయి. ఆ నీళ్లలో ఏ మురికీ కలవదు, కాస్త వేడెక్కుతాయంతే. కల్యాణి డ్యామ్ అడుగంటితే కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూసే ఊరు మాది. ఎండాకాలంలో హాస్టలుకు ట్యాంకర్లు తోలుతున్న రోజుల్లోనూ మా ల్యాబులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ ధార ఆగేది కాదు. రబ్బరు గొట్టం తగిలించి బయట తొట్టిలోకి వదిలాను. ఆ నీళ్లతోనే గాజుసామాను మొదటి కడుగు, బయట చెట్లకు తడి. గొట్టం కొనడానికి అనుమతి తీసుకోలేదని ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. అది వేరే కథ.

అంతకన్నా విచిత్రం నీటి కాలుష్యాన్ని కొలిచే సీఓడీ పరీక్ష. అందులో వాడేవి పొటాషియం డైక్రోమేట్, మెర్క్యూరిక్ సల్ఫేట్, సిల్వర్ సల్ఫేట్, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం. అంటే పరీక్ష పూర్తయ్యేసరికి ఫ్లాస్కులో మిగిలేది పాదరసం, క్రోమియం కలిసిన ఆమ్లం. దాన్ని విడిగా సీసాలో పోసి, మీద చీటీ అంటించి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించాలి. నేను చూసినంతలో చాలామంది కుళాయి తిప్పి సింకులో వంపేస్తారు. చెరువు ఎంత చెడిపోయిందో కొలిచి, కాలువను చెడగొట్టి, ఆ పట్టికను పర్యావరణ పత్రికకు పంపుతారు.

ఇక సమాజం సంగతి. చంద్రగిరి వైపు స్వర్ణముఖి ఒడ్డు పల్లెల్లో భూగర్భజలాల మీద మా దగ్గర ఒక అబ్బాయి పరిశోధన చేశాడు. ఊరూరా బోర్ల నుంచి నీళ్లు పట్టి, పైపు మీద నీలం రంగుతో నంబరు వేసి వచ్చేవాడు. కష్టపడే పిల్లాడే. డిగ్రీ వచ్చింది, చెన్నై దగ్గర ఏదో కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది, వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, డిపార్టుమెంటులో నేను తప్ప ఎవరూ లేనప్పుడు, తలపాగా చుట్టుకున్న ఒకాయన తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో మనవడి నోటుపుస్తకంలోంచి చించిన కాగితం, దాని మీద బోరు నంబరు.

"స్వామీ, మా బోరు నీళ్లు తీసుకుపోయి చాలా రోజులైంది. మంచివో కాదో ఎవరూ చెప్పలేదు" అన్నాడు.

కూర్చోబెట్టి, బీరువాలోంచి ఆ థీసిస్ తీశాను. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు. లోపల నంబర్లు మార్చేశారు. బోరు మీద ఉన్నది ఒకటి, పట్టికలో ఉన్నది ఇంకొకటి. చివరి అనుబంధంలో ఊరి పేరు వెతికి, రెండింటినీ జతచేసి చూస్తే ఆయన బోరు దొరికింది. తాగేనీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆయన బోరులో దాదాపు దానికి రెట్టింపు ఉంది. బోరు ఎక్కడుందని అడిగితే పశువుల పాక పక్కనే, పేడదిబ్బకు దిగువన అన్నాడు.

"అయినా మేం కాచి తాగుతున్నాం స్వామీ. బిడ్డకు పాలపొడి కూడా కాచిన నీళ్లలోనే కలుపుతాం" అన్నాడు ధీమాగా.

నాకు గుండె గుభేలుమంది. కాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, నైట్రేట్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. పాలపొడి తాగే నెలల బిడ్డకే దానివల్ల ఎక్కువ ప్రమాదం. రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేక ఒళ్లు నీలం తిరుగుతుంది. ఈ మాటంతా ఆ థీసిస్‌లో ఉంది, రెండు పేరాలు, చక్కటి ఇంగ్లీషులో. నేను ఆయన తెచ్చిన కాగితం వెనకే తెలుగులో రాసిచ్చాను: బిడ్డకు ఈ నీళ్లు వద్దు, వేరే చోటి నుంచి తెచ్చుకోండి, పేడదిబ్బను బోరుకు దూరంగా మార్చండి, నీళ్లు మళ్లీ పరీక్ష చేయించండి. చదివించుకుని విని, కింద సీలు వేయమన్నాడు. అటెండరుకు సీలు ఎక్కడిది?

అందుకే నా సలహా ఒక్కటే. నీళ్లో, మట్టో, ఆకో, రక్తమో ఏ ఊరి నుంచి తెచ్చారో, ఆ ఊరి పంచాయతీకి ఒక పేజీ తెలుగు ఉత్తరం చేరిందన్న రసీదు లేనిదే పీహెచ్‌డీ ఇవ్వకూడదు. 2018 నుంచి యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌లో కాపీ ఎంతుందో కంప్యూటరుతో తనిఖీ చేయిస్తున్నారు కదా, పది శాతం దాటితే ప్రశ్నలు వేస్తున్నారు కదా. ఆ తనిఖీ కాగితంతోపాటు ఈ రసీదొకటి జతచేయమంటే ఆకాశం ఊడిపడదు. ఒక్కసారి ఈ నిబంధన పెట్టి చూడండి, సింకులో పాదరసం పోయడం కూడా దానంతటదే తగ్గుతుంది. ఊరివాళ్ల ముఖం చూసి జవాబు చెప్పాల్సినవాడు కాలువలో విషం వంపడు. దీనికి రుజువేమిటంటారా, ఇన్నేళ్లు ఆ మనుషుల్ని చూసిన నా కళ్లే.

పథకాలు లేవని కాదు. పల్లెల్ని దత్తత తీసుకోవాలని 2014లో ఉన్నత్ భారత్ అభియాన్ వచ్చింది. శాస్త్రవేత్తలు ఏడాదికి కనీసం పది రోజులు సమాజం కోసం కేటాయించాలని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. నా కళ్లముందు ఆ రోజులు ఎలా గడిచాయంటే, ఒక బ్యానరు, ఒక ర్యాలీ, సర్పంచికి శాలువా, గ్రూపు ఫోటో. ఫ్లెక్సీ మీద "పర్యావరణాన్ని కాపాడుకుందాం" అని ఉంటుంది. ఫ్లెక్సీ దేనితో చేస్తారో రసాయనశాస్త్రం వాళ్లకు నేను చెప్పాలా?

సదస్సుల గురించి కూడా ఈ సందర్భంలోనే కడుపు ఖాళీ చేసుకుంటాను. దేశంలో ఎక్కడ సదస్సు పెట్టినా మనుషులు రారేమో గానీ తిరుపతిలో పెడితే దర్శనం ఉందంటే చాలు, కుటుంబాలతో దిగుతారు. రెండో రోజు మధ్యాహ్నం హాల్లో ఫ్యాన్లూ, నేనూ, మైకు సర్దే కుర్రాడూ మిగులుతాం. కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఎప్పుడో ఆపేశారు. కొండ దిగువన పర్యావరణ సదస్సులో మాత్రం ప్రతి కుర్చీ ముందూ ఒక సీసా, సగం తాగి వదిలేసింది.

సరిగా జరిగినదీ చెప్పాలి. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన నారాయణి, ధరణి వేరుశనగ రకాల పేర్లు రైతులకు తెలుసు. అవి ఏ పత్రికలో అచ్చయ్యాయో వాళ్లకు అక్కర్లేదు, విత్తనం చేతికొచ్చింది. మా రసాయనం వాళ్లు అంత దూరం పోనవసరం లేదు. విత్తనం ఇవ్వక్కర్లేదు, మాట చెబితే చాలు.

పరీక్షలో ఏం తేలిందో చెబితే ఊళ్లో భయాందోళనలు పుడతాయని, చెప్పే అధికారం మనకు లేదని మా పెద్దసారు అనేవారు. అదే అంకెను విదేశీ పత్రికలో వేయడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు.

మీరు పరిశోధక విద్యార్థి అయితే నిబంధన వచ్చేదాకా ఆగకండి. ఒక పోస్టుకార్డు సరిపోతుంది: బోరు ఎక్కడుంది, నీళ్లు ఏ తేదీన పట్టారు, ఏది హద్దు దాటింది, ఇప్పుడేం చేయాలి. గైడు సంతకం అక్కర్లేదు. నంబరు మాత్రం పైపు మీద రంగుతో రాసినదే వేయండి. థీసిస్ కోసం మార్చిన నంబరు వేస్తే ఆ ఊళ్లో ఎవరికీ అర్థం కాదు.