ఐపీ పెట్టి రంగం పోయాడు

సందేహం: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. మా ముత్తాత గురించి వివరాలు సేకరిస్తున్నాను. "అప్పులపాలై, ఐపీ పెట్టి రంగం పారిపోయాడు" అన్న ముక్క తప్ప ఇంట్లో ఎవరికీ ఏమీ తెలీదు. ఈమధ్య ట్రంకుపెట్టెలో ఆయన రాసిచ్చిన తనఖా దస్తావేజు దొరికింది. ప్రమోదూత నామ సంవత్సరం, ఫసలీ 1340 అని ఉంది. షావుకారు పేరుకు "గారు" పెట్టి మా ముత్తాత పేరుకు పెట్టలేదు. అంత చులకనా? రంగం అంటే శ్రీరంగమా? ఐపీ పెట్టడం, దివాలా తీయడం ఒకటేనా?

సమాధానం: ముందు "గారు" సంగతి చూద్దాం, మీకు బాధ కలిగించింది అదే కదా. దస్తావేజు ఎప్పుడూ రాసిచ్చేవాడి నోటి మాటగా నడుస్తుంది. "ఫలానా గారికి, ఫలానా వాడనైన నేను వ్రాయించి యిచ్చిన స్వాధీనపు తనఖా దస్తావేజు" అని మొదలవుతుంది. తన పేరుకు తానే గారు తగిలించుకోరు గదా! ఆయనే ఎవరికైనా అప్పిచ్చి కాగితం రాయించుకుని ఉంటే అందులో ఆయన గారు అయ్యేవాడు. కులాన్ని బట్టి ఇటూ అటూ కూడా గారు ఎగరగొట్టిన కాగితాలు బోలెడున్నాయి, అది వేరే సంగతి. ఇలాంటి కాగితాల చివర కనిపించే "నిశాని" అంటే గుర్తు. సంతకం రానివాళ్లు గీతో, ఇంటూ గుర్తో పెడితే పక్కన లేఖరి ఇది ఫలానావాడి నిశాని అని రాసేవాడు.

రంగం శ్రీరంగం కాదండీ, బర్మాలోని రంగూను. (సికింద్రాబాద్ బోనాల్లో భవిష్యవాణి చెప్పే రంగం మరొకటి.) ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల జనం కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లోకి, ఓడరేవు పనుల్లోకి వెళ్లేవారు. చాలామందిని కూలీలను కూడగట్టే మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి తీసుకుపోయేవారు, అంటే ఇక్కడి అప్పు తీర్చడానికి వెళ్లినవాడు ఇంకో అప్పుతోనే ఓడెక్కేవాడు. కోరంగి రేవు పేరుమీద బర్మావాళ్లు మనవాళ్లను కోరంగీలనేవారు. 1937 ఏప్రిల్ దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి ఆయన అంతకుముందే వెళ్లి ఉంటే పాస్‌పోర్టు కోసం వెతుక్కోనక్కర్లేదు.

ఇక ఐపీ. ఇది ఇన్సాల్వెన్సీ పిటిషన్‌కు పొట్టి రూపం. దివాలా తీయడం ఒక స్థితి, ఐపీ పెట్టడం కోర్టు పని. చేతిలో చిల్లిగవ్వ లేక దివాలా తీసినవాళ్లందరూ కోర్టుకెక్కరు. ఇప్పుడు చిట్టీల డబ్బుతో రాత్రికి రాత్రి ఉడాయించినవాణ్ణి కూడా ఐపీ పెట్టాడనేస్తున్నారు గానీ, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద అయిదు వందల రూపాయల బాకీ తీర్చలేనివాడు, లేదా డిక్రీ (కోర్టు తీర్పు) బాకీ కింద అరెస్టయినవాడు, ఉన్న ఆస్తీ అప్పులూ జాబితా రాసి తనకు తానే కోర్టు ముందు పెట్టుకోవచ్చు. సివిల్ జైలు తప్పించుకునే దారి అది. ఇంకో మెలిక ఉంది. అప్పులవాళ్లకు దొరక్కుండా ఊరు విడిచిపోవడమే ఆ చట్టం కింద దివాలాకు ఒక రుజువు, అప్పుడు షావుకారే అతని మీద పిటిషన్ వెయ్యొచ్చు. కాబట్టి మీ ఇంట్లోవాళ్ల మాటలో "పెట్టి" అన్నదానికి కర్త మీ ముత్తాతేనా, షావుకారా అన్నది తేల్చుకోవాలి. మొదటిదైతే పారిపోవడమన్న మాట అంతగా అతకదు.

తేదీ మాత్రం మీ కాగితంలోనే ఉంది. ప్రమోదూత అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1870, 1930, 1990. ఫసలీ అంటే శిస్తు లెక్కల సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైలో మొదలవుతుంది. రెండూ కలిసేది 1930 జూలై నుంచి 1931 ఉగాది దాకా. ధాన్యం ధరలు కుప్పకూలిన కాలం అది, పంట అమ్మినా వడ్డీకి చాలని రోజులు. పైగా 1930 మే నెలాఖరులోనే రంగూను రేవులో తెలుగు కూలీల మీద బర్మావాళ్లు విరుచుకుపడ్డారు, ఎందరో చచ్చిపోయారు. ఈ దస్తావేజు రాసిచ్చాక ఓడెక్కాడంటే ఆ కబురు చెవిన పడ్డాకే ఎక్కి ఉంటాడు.

కోర్టు ఎవరినైనా దివాలాదారుగా ప్రకటిస్తే ఆ సంగతి ప్రభుత్వ గెజిట్లో వెయ్యాలి. మీకు కావలసింది ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్. ఐ.పి. నంబరు పక్కన పిటిషనరు ఎవరో చూడండి. 1936 దాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది కనుక కోర్టు కాగితాల కోసం విశాఖతో పాటు బరంపురంలోనూ అడగండి. దస్తావేజు రిజిస్టరయి ఉంటే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నకలుకు పెట్టండి, తనఖా తీరిందా, పొలం షావుకారు పాలయిందా అన్నది ఈసీలో (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పత్రం) బయటపడొచ్చు.