తాతగారి పాటలే మీ అబ్బాయి పెట్టుబడి, డిగ్రీ మాత్రం మానొద్దు

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గరి పల్లె, ఉప్పల్‌లో స్థిరపడ్డాం. మా మామగారికి 68 ఏళ్లు. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, మల్లన్న కథ పాటలు పాడతారు. మావారు డోలక్, డప్పు వాయిస్తారు. నేను, మా ఆడబిడ్డ వంత పాడతాం. బతుకమ్మ, బోనాలు, పెళ్లిళ్లకు అందరం కలిసి ప్రోగ్రాములు ఇస్తాం. మా బాబు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. పరీక్షలయ్యాక చదువు ఆపేసి ట్రూప్‌లోనే ఉంటానంటున్నాడు. పాపకు 12 ఏళ్లు, తనూ పాడుతుంది. ఈ పాటల మీద వాడు బతకగలడా?
- ఒక తల్లి, ఉప్పల్

జవాబు: బతకగలడమ్మా. కానీ ప్రోగ్రాముల మీదే ఆధారపడితే కష్టం. జానపదం పాడేవాళ్లకు డబ్బు పండుగలను, ముహూర్తాలను బట్టి వస్తుంది. ఆషాఢంలో బోనాలుంటాయి గానీ పెళ్లిళ్లు ఉండవు. భాద్రపద అమావాస్య నుంచి బతుకమ్మ తొమ్మిది రోజులు ఊపిరి సలపదు. మూఢం వచ్చిందంటే మళ్లీ ఫోన్ మోగదు. ఆ ఖాళీ నెలల్లో ఇల్లు గడిపే మార్గం ఇంకొకటి అబ్బాయి చేతిలో ఉండాలి. చదువు ఆపొద్దని చెప్పేది అందుకే.

ఎంపీసీ చదివాడు కాబట్టి బీటెక్కే చేయాలని లేదు. డిగ్రీ అడ్మిషన్ల ఆన్‌లైన్ విధానం ‘దోస్త్’ ద్వారా బీఏలో చేరవచ్చు. ప్రోగ్రాములకు వీలుగా ఉండాలంటే అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. డిగ్రీ అయ్యాక తెలుగు విశ్వవిద్యాలయంలో జానపద కళల్లో పీజీ చేయవచ్చు. ఆ విశ్వవిద్యాలయానికే ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పరిశోధన మీద మనసుంటే గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలో జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం ఉంది. బడిలో సంగీతం టీచర్ కావాలనుకుంటే దారి వేరు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ సంగీతం టీచర్ పోస్టుకు ఇంటర్‌లో 50 శాతం మార్కులతో పాటు సంగీతంలో డిగ్రీ అడుగుతారు. వందల వేదికలెక్కినా ఆ అర్హత కింద లెక్కలోకి రావు.

ఇక ట్రూప్ సంగతి. కిన్నెర మొగులయ్యగారికి 2022లో, బుర్రవీణ వాయించే దాసరి కొండప్పగారికి, చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లందరి దగ్గరా ఇంకొకరి దగ్గర సులువుగా దొరకనిది ఏదో ఉంది. యూట్యూబ్‌లో అందరూ పాడే పది పాటలే మీ అబ్బాయీ పాడితే హైదరాబాద్‌లో వందమందిలో ఒకడు. మీ మామగారి నోట ఉన్నవి, బయట వినపడనివి ఎన్ని ఉన్నాయో, వాటి మీదే వాడి భవిష్యత్తు నిలుస్తుంది. కాబట్టి ఈ వేసవిలో చేయాల్సిన మొదటి పని వాటిని రికార్డు చేయడం.

వేదిక మీద పాడిన వీడియోలు దీనికి పనికిరావు. డప్పు హోరులో మాట వినపడదు, చరణాలు సగం ఎగిరిపోతాయి. ఇంట్లో పొద్దున పూట, గొంతు అలసిపోకముందు, ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి మూర దూరంలో ఉంచండి. వాద్యాలు వద్దు, శృతి (పాటకు ఆధారమైన స్వరం) ఒక్కటి చాలు. పాట మొదలుపెట్టే ముందు తేదీ, పాడేవారి పేరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ ఊరిలో, ఏ పనికి పాడేవారు అన్నది ఆయన నోటితోనే చెప్పించండి. పాట మొత్తం పాడించి, తర్వాత చరణం చరణం ఆపి మాటగా చెప్పించండి. అర్థం తెలియని మాట వస్తే అక్కడే అడగాలి, రేపటికి వాయిదా వేస్తే అది మరుగున పడుతుంది. పూటకు మూడు నాలుగు పాటలు మించొద్దు. ఫైళ్లను నాణ్యత తగ్గని వేవ్ ఫార్మాట్‌లో దాచి, ఒక కాపీ ఇంట్లో, ఇంకోటి ఆన్‌లైన్‌లో ఉంచండి. రాసుకునే పని అబ్బాయిదే. రాస్తున్నప్పుడే వాడికి పాట పట్టుబడుతుంది.

ఏడాది గడువు పెట్టండి. ఆలోపు 40 పాటలు చరణాలతో సహా పుస్తకం చూడకుండా రావాలి. తాతగారు కూర్చుని వింటుండగా గంట ప్రోగ్రామ్ వాడొక్కడే నడపగలగాలి. అది చేయలేకపోతే వాడికి ఇష్టం పాట మీదా, వేదిక మీదా అని కూర్చోబెట్టి మాట్లాడాల్సిందే.

మూడు తరాలు కలిసి పాడేచోట మొదట దెబ్బతినేది శృతి. హార్మోనియం లెక్కలో మగవాళ్ల గొంతు ఒకటి, ఒకటిన్నర శృతిలో హాయిగా ఉంటే ఆడవాళ్లది ఐదు దగ్గర ఉంటుంది. అంతా తాతగారి శృతికే కట్టుకుంటే మీ గొంతులు కిందకు జారి వినపడవు. మీ శృతికి పోతే ఆయన అరవాలి, గంటకల్లా గొంతు బొంగురుపోతుంది. పాట ఎత్తుకునేవారి శృతే పాట శృతి అని పెట్టుకోండి, వంత వాళ్లు తమకు వీలైన స్థాయిలో అందుకుంటారు. మామగారు ఎత్తుకునేవి వరుసగా ఒకచోట, మీరు ఎత్తుకునేవి ఒకచోట పేర్చండి. రెండు శృతుల్లో కట్టిన రెండు డోలక్‌లు ఉంటే మధ్యలో బిగించుకుంటూ కూర్చోనక్కర్లేదు. తోలు డప్పు చెమ్మకు సాగుతుంది, ఆడిటోరియంలో మంట పెట్టి కాచనివ్వరు. అక్కడికి ప్లాస్టిక్ షీట్ డప్పు తీసుకెళ్లండి. డప్పు వాయించేవారు, పాడేవారి నోటివైపు తిరిగిన దిక్కున కాకుండా, మైకుకు వెనకవైపు నిలబడాలి, ముందు నిలబడితే మైకులోకి డప్పే పోతుంది. ఈ ఏర్పాట్లన్నీ ఇకనుంచి అబ్బాయికి అప్పగించండి. ఖాళీ నెలల్లో సౌండ్ పని మీద నాలుగు రూపాయలు సంపాదించే నేర్పు కూడా ఇక్కడే వస్తుంది.

పాపకు ఇప్పుడే అప్లై చేయాల్సింది కేంద్ర సాంస్కృతిక శాఖ కింది సీసీఆర్‌టీ అనే సంస్థ ఇచ్చే కల్చరల్ టాలెంట్ స్కాలర్‌షిప్. వయసు 10 నుంచి 14 ఏళ్లు. మొత్తం 650లో 125 సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకే. ఏడాదికి 3,600 రూపాయలు, నేర్పే గురువు ఫీజు కింద 9,000 వరకు ఇస్తారు. ప్రాంతీయ కేంద్రం మాదాపూర్‌లోనే ఉంది. బాబుకు 18 నిండాక కేంద్ర సాంస్కృతిక శాఖవారి యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. 25 ఏళ్ల లోపువారికి నెలకు 5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు, జానపదమూ అందులో ఉంది. కనీసం ఐదేళ్లు గురువు దగ్గర నేర్చుకున్నట్టు చూపాలి. పాపను టీవీకో సినిమాకో అడిగితే మాత్రం గుర్తుంచుకోండి: 14 ఏళ్ల లోపు పిల్లలకు కలెక్టర్ అనుమతి కావాలి, రోజుకు 5 గంటలు మించకూడదు, సంపాదనలో కనీసం 20 శాతం పాప పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి.

డబ్బు ఒకరి జేబులోకే పోతే కుటుంబ ట్రూపులు విడిపోతాయి. ప్రోగ్రామ్ డబ్బులో ముందు బండి, సౌండ్ ఖర్చు తీసేసి, కొంత వాద్యాల మరమ్మతుకు పక్కన పెట్టి, మిగిలింది పాడినవారందరికీ వాటాగా ఎవరి ఖాతాలో వారికి వేయండి. చదువుకునే పిల్లలకూ, వంత పాడే మీకూ వాటా ఉండాలి. ఏడుగురు పెద్దవాళ్లు కలిస్తే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవచ్చు. పాన్ లేకపోతే టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) 20 శాతం కోస్తారు. జానపద ప్రదర్శనకు పారితోషికం 1.5 లక్షలు దాటకపోతే జీఎస్టీ లేదు, ఆర్గనైజర్ ఆ పేరుతో కోత పెడితే ఒప్పుకోకండి.

పాత పాటకు హక్కుదారు ఉండడు, కానీ మీరు చేసిన రికార్డింగు హక్కు మీదే, విడుదలైన ఏడాది ముగిసినప్పటి నుంచి 60 ఏళ్లు. ఎవరో తమ ఛానల్‌లో పెట్టిన పాట పేరుతో మీ వీడియో మీద కాపీరైట్ క్లెయిమ్ వస్తే తాతగారి చేత తేదీ చెప్పించి ఇంట్లో రికార్డు చేసిన ఫైళ్లే మీకు సాక్ష్యం. ఏ కంపెనీ అయినా పాడించుకుంటే ఒప్పందంలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు చూసుకోండి. అవి లేకుండా గడువు రాయకపోతే చట్టం ప్రకారం ఐదేళ్లే, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే.

మామగారికి 60 దాటాయి కాబట్టి వృద్ధ కళాకారుల సాయానికి కేంద్ర సాంస్కృతిక శాఖకు దరఖాస్తు పెట్టండి. ఆదాయ పరిమితికి లోబడి నెలకు 6,000 వరకు వస్తుంది. పాత ఆహ్వాన పత్రికలు, పేపర్ కటింగ్‌లు, ఫొటోలు ఏవి దొరికినా పారేయకుండా తేదీల వారీగా ఫైలు చేయండి. బాబు స్కాలర్‌షిప్‌కు కూడా ఆ ఫైలే పనికొస్తుంది.

ఇంకొక్క మాట. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగుతుంది, ఇంటర్ ప్రాక్టికల్స్, పరీక్షలు సరిగ్గా ఆ మధ్యలోనే పడతాయి. ఈ ఒక్క సీజన్‌కు బాబు స్థానంలో బయటి కళాకారుణ్ణి కూలి ఇచ్చి పెట్టుకోండి.