సిరియస్ దూరం 8.6 బదులు 33 కాంతి సంవత్సరాలు వస్తోందా? మైనస్ చూసుకోండి

ప్రకాశ పరిమాణాలతో సిరియస్ నక్షత్రం దూరం లెక్కేస్తే 33 కాంతి సంవత్సరాలు వస్తోందని అడిగారు. మీ లెక్కలో చిన్న ఎమ్ (m, మనకి ఇక్కడి నుంచి కనిపించే ప్రకాశ పరిమాణం) ముందున్న మైనస్ జారిపోయింది. −1.46 బదులు 1.46 వేస్తే సరిగ్గా మీకొచ్చిన 33 కాంతి సంవత్సరాలే వస్తాయి. ఫార్ములా బాగానే ఉంది.

లెక్క మొదలుపెట్టకముందే చిన్న ఎమ్, పెద్ద ఎమ్‌లలో ఏది తక్కువో చూడాలి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. పెద్ద ఎమ్ (M) అంటే నక్షత్రాన్ని 10 పార్సెక్‌ల (ఒక పార్సెక్ 3.26 కాంతి సంవత్సరాలు) దూరంలో పెడితే కనిపించే ప్రకాశ పరిమాణం. అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ (పాత గ్రీకుల పద్ధతి, తలకిందులుగా ఉంటుంది, ఏం చేస్తాం!). సిరియస్ పెద్ద ఎమ్ 1.43. చిన్న ఎమ్ అంతకన్నా తక్కువ. కాబట్టి దూరం 10 పార్సెక్‌ల లోపే, అంటే 32.6 కాంతి సంవత్సరాల లోపే రావాలి. మీ 33 అక్కడే దొరికిపోయేది.

1. చిన్న ఎమ్‌లోంచి పెద్ద ఎమ్ తీసేస్తే −1.46 − 1.43 = −2.89
2. 5 కలిపితే 2.11
3. 5తో భాగిస్తే 0.422
4. ఆంటీలాగ్ (10 టు ది పవర్ 0.422) తీస్తే 2.64 పార్సెక్‌లు
5. 3.26తో గుణిస్తే 8.6 కాంతి సంవత్సరాలు

ప్రాక్టీసుకి అగస్త్య నక్షత్రం తీసుకోండి. మీ శ్రీకాకుళంలో ఫిబ్రవరి మధ్యలో రాత్రి ఎనిమిదిన్నరకి దక్షిణాన, సుమారు 19 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. కళింగపట్నం బీచ్ వైపు వెళ్తే ఇంకా బాగుంటుంది. చిన్న ఎమ్ −0.74, పెద్ద ఎమ్ −5.6. ఇక్కడ రెండూ మైనస్‌లే. జవాబు దాదాపు 306 కాంతి సంవత్సరాలు రావాలి. 1.8 వస్తే మాత్రం రెండో మైనస్ ఎగిరిపోయినట్టే. సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీయే 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, కాబట్టి 1.8 సరైన జవాబు కాలేదు.