ఇటాలియన్ జాల్లో సినిమాల్లో మొదట ఏది చూడాలి? హంతకుడెవరో తెలిశాక కూడా వాటిలో చూడడానికి ఏమైనా మిగులుతుందా?

మీ రెండు ప్రశ్నలకూ నా అనుభవం మేరకు ఒకే జవాబు చెప్పగలను: 1975లో దారియో అర్జెంతో తీసిన ‘ప్రొఫోందో రోస్సో’. ఇంగ్లీషులో దీన్ని ‘డీప్ రెడ్’ అంటారు.

జాల్లో అంటే ఇటాలియన్‌లో పసుపు రంగు. మిలాన్‌కు చెందిన మొందదోరి ప్రచురణ సంస్థ 1929 నుంచి అపరాధ పరిశోధన నవలలను పసుపు అట్టలతో అచ్చువేయడం వల్ల అక్కడ ఆ తరహా కథలకే ఆ పేరు స్థిరపడింది. అరవైలలో ఇటాలియన్ దర్శకుడు మారియో బావా వాటికి వెండితెర మీద ఒక రూపం ఇచ్చాడు.

ఇక కథకు వస్తే, మార్కస్ అనే ఆంగ్లేయ పియానో కళాకారుడు ఒక రాత్రి నిర్మానుష్యమైన కూడలిలో, పెద్ద శిల్పం పక్కన, తాగి ఉన్న మిత్రుడితో మాట్లాడుతుండగా పై అంతస్తు కిటికీలో ఒక స్త్రీ మీద దాడి జరగడం చూస్తాడు. పరుగున మెట్లెక్కి, గోడల నిండా చిత్రపటాలున్న నడవా దాటి ఆమెను చేరుకుంటాడు గానీ కాపాడలేకపోతాడు. పోలీసులు వచ్చాక, ఇందాక నడవాలో తాను చూసిన పటమొకటి ఇప్పుడు అక్కడ లేదన్న అనుమానం అతన్ని పట్టుకుంటుంది, ఇక సినిమా చివరిదాకా వదలదు.

నేను దీన్ని మొదటిసారి హాస్టల్ గదిలో చూసినప్పుడు ఆ పటం విషయంలో మార్కస్ నమ్మినదే నేనూ నమ్మాను. చివర్లో అసలు సంగతి బయటపడగానే, దర్శకుడు తొండి ఆడాడని, ముందు చూపించనిదాన్ని ఇప్పుడు చూపిస్తున్నాడని కోపం వచ్చి, వెనక్కి తిప్పి ఆ నడవా ఘట్టాన్ని మళ్లీ పెట్టాను. అక్కడే ఉంది. మార్కస్ నడుస్తున్న వేగంతోనే కెమెరా కూడా నడుస్తుంది, రెప్పపాటు సేపు ఆ జవాబు ఏ చాటూ లేకుండా తెర మీదికి వచ్చి వెళ్లిపోతుంది. ఆపి చూస్తే ఇంత స్పష్టంగా ఉన్నదాన్ని ఎలా వదిలేశానా అని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అది ఏమిటో ఇక్కడ చెప్పను, ఎందుకంటే దాన్ని మీకు మీరుగా చూడలేకపోవడమే ఈ సినిమా ఇచ్చే అసలైన అనుభవం. చాలా అపరాధ పరిశోధన కథలు ఆధారాన్ని దాచిపెడతాయి. అర్జెంతో దాన్ని మన ముందు పెట్టి, మన కంటికీ జ్ఞాపకానికీ మధ్య ఉన్న ఎడాన్ని మనకే చూపిస్తాడు. 1970లో వచ్చిన ఆయన తొలి చిత్రం కూడా, గాజు తలుపుల మధ్య చిక్కుకుపోయి ఒక దాడిని చూసిన రచయిత తాను చూసినదాన్ని సరిగా గుర్తు తెచ్చుకోలేక సతమతమయ్యే కథే. దీని తర్వాత అది చూడండి.

హత్యకు ముందు వినిపించే పిల్లల పాట నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. గోబ్లిన్ అనే ఇటాలియన్ రాక్ బృందం సంగీతం దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో, హోరుగా సాగుతుంది. కథ రోమ్‌లో జరుగుతున్నట్టు ఉన్నా ఆ కూడలి మాత్రం తూరిన్ నగరంలోనిది, అందులోని బార్‌ను అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ చిత్రాన్ని తలపించేలా కట్టారు.

ఒక ముఖ్యమైన మాట: విదేశాలకు పంపిన కుదించిన ప్రతిని కాక, రెండు గంటలు దాటే ఇటాలియన్ ప్రతినే సబ్‌టైటిల్స్‌తో చూడండి. కుదించిన దానిలో విలేఖరి జాన్నాకూ మార్కస్‌కూ మధ్య నడిచే సరదా సన్నివేశాలు చాలా పోయాయి. ఆమె చిన్న ఫియట్ కారులో సీటు కుంగిపోయి మార్కస్ తల కిటికీ అంచుదాకా దిగిపోయే చోట కలిగే చనువు వల్లే, తర్వాత వాళ్ల ప్రాణాల గురించి మనకు భయం వేస్తుంది. హత్యా దృశ్యాలు మాత్రం నిజంగా క్రూరంగా ఉంటాయి, రక్తం చూడలేని వారితో కలిసి చూడకండి.

మార్కస్ మెట్లెక్కుతున్నప్పుడు ఫోన్ పక్కన పెట్టి, నడవాలో రెండు గోడలనూ చూడండి.