చరిత్ర నవలలు చదివిస్తానంటున్న మా చిన్నికి

చిన్నీ,

ఎంవీపీ కాలనీలో మీ అపార్ట్‌మెంటు పిల్లల్ని ఆదివారాలు కూర్చోబెట్టి చారిత్రక నవలలు చదివిస్తావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఒకపక్క పొంగిపోయాను, ఇంకోపక్క ఒకటే టెన్షన్. ఇరవై పుస్తకాలు అప్పుడే ఆర్డరు పెట్టేశావట. అందులో నువ్వు చదివినవెన్ని? నువ్వు చదవని పుస్తకం పిల్లల చేతికివ్వకు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నీకు ఎంత దూరమని?

బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి'తో మొదలుపెట్టు. రుద్రమదేవి పేరు పిల్లలు విన్నదే కాబట్టి బెదరరు. మాట పాతది, వర్ణనలు ఎక్కువ. మొదటి ప్రకరణం నువ్వే పైకి చదివి వినిపించు. నోరి నరసింహశాస్త్రి గారి 'నారాయణభట్టు' కొంచెం నెమ్మదైన పిల్లలకి నచ్చుతుంది. తెన్నేటి సూరి గారి 'చెంఘిజ్ ఖాన్' మాత్రం పదిహేనేళ్లు దాటాకే ఇవ్వు, ఆ నెత్తురు చిన్నవాళ్లకి వద్దు.

ఇక అసలు సంగతి. 1983లో నేను పాఠాలు చెప్పే ఏడో తరగతిలో ఒక పిల్ల 'హిమబిందు' తీసుకెళ్లింది, అదీ బాపిరాజు గారిదే, శాతవాహనుల కాలం నవల. పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకుని మూడు వారాలు చదివింది. ఒకరోజు నేను కాపీలు దిద్దుతుంటే వచ్చి, "టీచర్, ధాన్యకటకంలో హిమబిందు ఇల్లు ఎక్కడుంది? సెలవుల్లో మా నాన్న అమరావతి తీసుకెళ్తానన్నారు" అంది. పిల్లలు నవలనే చరిత్ర అనుకుని పరీక్షలో రాసేస్తారని అప్పట్లో నాకు మహా భయం. "ఇల్లేమిటే, అసలు ఆ అమ్మాయే లేదు. అదంతా కల్పన. పరీక్షలో రాశావంటే సున్నా" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ఏమీ అనలేదు. అక్కడే నిలబడి అట్ట విప్పింది, మడతలు చేత్తో సాపు చేసి సంచీలో పెట్టుకుంది, పుస్తకం నా బల్ల మీద ఉంచి వెళ్లిపోయింది. ఆ ఏడాది మళ్లీ పుస్తకం అడగలేదు.

నేను అబద్ధం చెప్పలేదు చిన్నీ. కానీ చెప్పాల్సింది సగమే చెప్పాను. హిమబిందు లేకపోవచ్చు, ధాన్యకటకం ఉంది కదా, ఇప్పటి అమరావతి దగ్గరే! అమరావతి స్తూపానికి వర్తకులు, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు రాళ్లు దానమిచ్చి పేర్లు చెక్కించుకున్నారు. "వెళ్లి ఆ రాళ్ల మీద ఆడపిల్లల పేర్లు ఎన్నున్నాయో తెలుసుకుని రా" అని ఉంటే ఆ పిల్ల ఎగిరి గంతేసేది. ఆ ఒక్క మాట నా నోట రాలేదు. ఇప్పటికీ అర్ధరాత్రి మెలకువొస్తే ఆ కాగితం మడతలే కళ్ల ముందు.

అందుకే చెప్తున్నా, ఏది నిజం ఏది కల్పన అన్నది పుస్తకం పూర్తయ్యేదాకా ఎత్తకు. పూర్తయ్యాక మాత్రం తప్పకుండా చెప్పు. రుద్రమ 1289లో చనిపోయిందని చెప్పే చందుపట్ల శాసనం గురించి అప్పుడు చెప్తే కళ్లింత చేసుకుని వింటారు.

ఇంకో భయం ఉంది. పిల్లలు రాజుల పక్షాలు కట్టి కొట్టుకుంటారు. మా బడిలో బొబ్బిలి వైపు పిల్లలు, విజయనగరం వైపు పిల్లలు నిజంగానే చొక్కాలు పట్టుకున్నారు. 1757 బొబ్బిలి యుద్ధం చెప్పిన రోజే 1794 పద్మనాభం యుద్ధం కూడా చెప్పు. బొబ్బిలి మీదికి ఫ్రెంచి సైన్యాన్ని వెంటబెట్టుకుని వెళ్లింది విజయనగరం వాళ్లే, తర్వాత అదే వంశపు రాజు ఇంగ్లీషు కుంపిణీతో పోరాడి పద్మనాభంలో ప్రాణం విడిచాడు. ఊరు మనకి దగ్గరే, తీసుకెళ్లి చూపించు.

సరే, కోప్పడ్డానని ముఖం ముడుచుకోకు. నువ్వు రెండో తరగతిలో నా ఒళ్లో పడుకుని "తర్వాత, పెద్దమ్మా?" అని వేధించినదానివి. ఈ పని నీకే తగును.

'హిమబిందు' అయ్యాక పిల్లల్ని తొట్లకొండ బౌద్ధారామానికి తీసుకెళ్లు. అక్కడ తవ్వకాల్లో శాతవాహనుల సీసపు నాణేలు దొరికాయి. కొండరాతిలో తొలిచిన నీటితొట్లు చూపించు, పేరెందుకొచ్చిందో వాళ్లే చెప్తారు. నన్నూ పిలు. మోకాళ్లు సహకరించవు గానీ, కారు పైదాకా వెళ్తుంది.

మీ పెద్దమ్మ
పెదవాల్తేరు, విశాఖపట్నం